కార్తీకంలో రొయ్యల వేపుడు

హోటల్లో కూర్చోగానే నా కళ్ళు ముందుగా వెళ్ళేది మెనూ కార్డు మీదికి కాదు, బల్ల తుడిచే గుడ్డ మీదికి. ఆ గుడ్డ ఏ బల్ల మీది నుంచి లేచి వచ్చి మన బల్ల మీద వాలిందో, మధ్యలో ఎక్కడైనా నీళ్ళు చూసిందో లేదో గమనిస్తే, కనబడని వంటగది సగం కనబడినట్టే. అమలాపురంలో నేను చూసిన ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్లలో ఆ గుడ్డ బల్లను శుభ్రం చేయదు. ఒక బల్ల మీది జిడ్డును పలచగా సాగదీసి, మిగిలిన బల్లలన్నిటికీ పంచిపెడుతుంది. అలా తుడిచిన బల్ల మీద మోచెయ్యి ఆన్చి తీస్తే చర్మం అంటుకుపోయి, చిన్న చప్పుడుతో ఊడి వస్తుంది. ఆ చప్పుడు వింటే నాకు ఆకలి చచ్చిపోతుంది.

వయసుతో వచ్చిన చాదస్తం అంటుంది నా భార్య. కాదు, ఇది వృత్తితో వచ్చింది. రొయ్యలను శుద్ధి చేసి విదేశాలకు పంపే ఒక ఫ్యాక్టరీలో, నాణ్యతను పరీక్షించే విభాగంలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. మా దగ్గర యంత్రాలకు లోటు లేదు. అయినా చెరువు మీది నుంచి లోడు దిగగానే జరిగే మొదటి పరీక్షకు ముక్కును మించిన పరికరం ఇంతవరకు రాలేదు. లోడులోంచి కొన్ని రొయ్యలు ఏరి, పెంకు ఒలిచి, కండను మధ్యకు విరిచి, విరిగిన చోటును ముక్కు దగ్గర పెట్టుకోవాలి. పైపైన చూస్తే లాభం లేదు. ఐసు చల్లదనం పై వాసనను అణిచేస్తుంది. తాజా రొయ్యను విరిస్తే దాదాపు వాసనే ఉండదు. కొంచెం ఉప్పునీరు, కొంచెం తీపి, అంతే. తరవాతి దశలో ఆ తీపి పోతుంది. ఆ పైన తడిసి ఆరని గోనెసంచి వాసన మొదలవుతుంది. అది దాటితే అమ్మోనియా. అదీ దాటితే, వానాకాలంలో పేడ ఎత్తని పశువుల పాక. ఈ మెట్లన్నీ నా ముక్కుకు కంఠతా వచ్చు. చదువుకున్నవాడి కన్ను గోడ మీద అక్షరం కనబడితే చదవకుండా ఉండలేనట్టే, నా ముక్కు కూడా ఎదురుగా ఉన్నదాన్ని పరీక్షించకుండా ఊరుకోలేదు.

ఎగుమతికి పనికిరాదని మేం తిరగ్గొట్టిన సరుకును ఫ్యాక్టరీలో 'లోకల్' అనేవారు. "ఇది లోకల్‌కి పంపించెయ్" అంటే గేటు దాటించెయ్ అని అర్థం. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. పరాయిదేశపు కొలతకు అందని సరుకంతా కుళ్ళినదే కానక్కరలేదు. కానీ ఆ గేటు దాటిన బండి ఏ వైపు తిరుగుతుందో నాకు తెలుసు. అందువల్ల ఏ రెస్టారెంటులో ఎర్రటి పిండిముద్దలో దాక్కున్న రొయ్యను చూసినా, దానికీ నాకూ పాత పరిచయం ఉందేమో అన్న అనుమానం నన్ను వదలదు.

కాబట్టి నేను బయట తినను. తప్పనిసరైతే పెరుగన్నం. కానీ కిందటి కార్తీకంలో ఒక ఆదివారం తప్పించుకోలేకపోయాను. పిలిచినవారు మా వియ్యంకుడు.

ఆయన కొత్తపేట ప్రాంతంలో హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. తమ చర్చిలో సంఘపెద్ద. మాటకు విలువ ఇచ్చే మనిషి, పిలుపుకు ఇంకా ఎక్కువ విలువ ఇచ్చే మనిషి. మా అమ్మాయి వారి కోడలు. బ్యాంకులో ఉద్యోగం. అల్లుడు కువైట్‌లో ఉంటాడు కనుక, అమ్మాయి అత్తమామల దగ్గరే ఉండి ఉద్యోగానికి వెళ్ళివస్తోంది. అప్పటికి ఆమెకు ఐదో నెల. వేవిళ్ళు తగ్గి, అన్నం సయిస్తోందని తెలియగానే వియ్యంకుడు మాకు ఫోన్ చేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరం అమలాపురంలో భోంచేద్దాం అన్నారు.

నేను వద్దనలేకపోవడానికి కారణం ఉంది. అంతకు ముందటేడు అమ్మాయికి మొదటి గర్భం మూడో నెలలోనే పోయింది. ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. అయినా అత్తవారి తరఫు బంధువుల్లో ఎవరో, "పుట్టింటికి వెళ్ళినప్పుడు బొప్పాయి ముక్క ఏమైనా తిందేమో" అన్నారట. ఆ మాట నెమ్మదిగా తిరిగి తిరిగి మా అమ్మాయి చెవిన పడింది. ఆమె ఎవరితోనూ వాదించలేదు. కానీ అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. అత్తవారు పెట్టింది పెట్టినట్టు తింటుంది. వద్దనదు, ఇది బాగాలేదనదు. రేపు ఏదైనా జరిగితే తన తిండి మీదికి మాట రాకూడదన్నది ఆమె లెక్క. వాళ్ళమ్మ కూడా ఫోనులో అదే పాఠం చెప్పేది. "పెట్టింది తిను, వంక పెట్టకు." అదే డాక్టరమ్మ ఈసారి నిలవ తిండి దగ్గరికి పోవద్దనీ, జ్వరం తెచ్చే ఏ ఇన్ఫెక్షనూ ఈ నెలల్లో మంచిది కాదనీ గట్టిగా హెచ్చరించింది. ఈ రెండు మాటలు ఒకే కంచంలో ఎదురుపడితే అమ్మాయి ఏది వింటుందో నాకు తెలుసు. నా భయమంతా అదే.

రెస్టారెంటు మొదటి అంతస్తులో ఉంది. మెట్ల మీద అడుగు పెట్టగానే ఫినాయిలు, దాని అడుగున మూత్రశాల, దాని మీద ఎవరో తెలివిగా చల్లిన గులాబీ సెంటు. లోపల ఏసీ నుంచి కారే నీటి కోసం ఖాళీ ఐస్‌క్రీం డబ్బా ఒకటి తీగతో కట్టి వేలాడదీశారు. అది నిండి, అంచు మీద ఆకుపచ్చ నాచు పట్టి ఉంది. నీటిబొట్టు ఒక్కొక్కటే కింద కుర్చీ మీద పడుతోంది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకుండా, దాని మీద 'రిజర్వుడు' అని రాసిన అట్ట పెట్టారు. చేతులు కడుక్కునే చోట సబ్బుసీసాలో సబ్బు కన్నా నీళ్ళే ఎక్కువ. వాష్ బేసిన్ జల్లెడ మీద ఎవరి ఎంగిలి అన్నమో తెల్లగా ఉబ్బి ఉంది. పక్కనే ప్లేటులో పంచదార కలిపిన రంగురంగుల సోంపు. తినేసిన చేతులన్నీ అందులో మునిగి లేస్తున్నాయి.

మామూలు ఆదివారాల్లో అక్కడ బల్ల కోసం నిలబడాలి. ఆ రోజు సగానికి సగం ఖాళీ. ఉన్నవాళ్ళు కూడా మాలాగే ఆరాధన నుంచి తిన్నగా వచ్చినవాళ్ళు. తెల్లచీరలు, ఇస్త్రీ చొక్కాలు, పక్కకుర్చీల మీద బైబిళ్ళు. మా వియ్యంకుడు తన బైబిలును ఆ బల్ల మీద పెట్టబోయి, ఆగి, వేలితో బల్లను తాకి చూసి, రుమాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ పనికి నేను ఆయనను మనసులో మెచ్చుకున్నాను.

"రండి బావగారూ, రండి. చెల్లెమ్మా, నువ్విటు కూర్చో, అక్కడ ఏసీ గాలి మొహాన కొడుతుంది" అంటూ అందరినీ తానే కూర్చోబెట్టారు. "కోడలికి రొయ్యలంటే ప్రాణం కదండీ. అందుకే ఇక్కడ చెప్పేను. ఈ హోటలు మా స్టూడెంటుదేనండి. ఎనిమిదో తరగతిలో నా చేతి దెబ్బలు తిన్నాడు. ఇప్పుడు మనం వాడి చేతి వంట తిందాం."

ఆ స్టూడెంటు అప్పటికే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి. నుదుట విభూతి. "మాస్టారు కొట్టబట్టే ఈపాటివాణ్ణయ్యేనండి. ఆయ్. ఈ పూట మీరంతా మా చుట్టాలు. ఏది కావాలన్నా మొహమాటపడకండి."

వియ్యంకుడు చిన్న ప్రార్థన చేశారు. ఎదుట ఉన్న ఆహారం కోసం, దాన్ని వండిన చేతుల కోసం, కోడలి కడుపులో పెరుగుతున్న బిడ్డ కోసం. నేను కళ్ళు మూసుకున్నాను. ముక్కు మూసుకోలేదు.

ముందు వచ్చినవి కూరలు. ఒకటి పనీరు, ఒకటి పుట్టగొడుగులు, ఒకటి కోడి. పేర్లు మూడు, గ్రేవీ ఒక్కటే. ఇటుక రంగు ముద్ద, పైన నూనె వలయం, ఆ వలయంలో గీసిన మీగడ చార. గరిటె తీసిన చోట పింగాణీ ప్లేటు నారింజరంగు పూసుకుని మిగిలింది. ఆ రంగు మిరపకాయది కాదు. మిరప రంగు సబ్బుకు లొంగుతుంది, ఇది గోళ్ళ మూలల్లో దూరి రెండు రోజులు కూర్చుంటుంది. నేను అన్నంలో పెరుగు కలుపుకున్నాను. అది కూడా పుల్లగా ఉంది.

తరవాత చిన్న రాగి బకెట్లో రొయ్యల వేపుడు వచ్చింది. పైన జీడిపప్పు, కరకరలాడే కరివేపాకు, గుండ్రంగా తరిగిన ఉల్లిపాయ. వెయిటరు దాన్ని బల్ల మీద పెట్టిన క్షణంలో ఆవిరి నా వైపు తిరిగింది. మొదట కరివేపాకు. దాని వెనక అల్లం వెల్లుల్లి, ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువ. ఆ వెనక నాకు కంఠతా వచ్చిన మెట్లలో చివరిది. పశువుల పాక.

వియ్యంకుడు గరిటె తీసుకుని మొదటి వడ్డన స్వయంగా కోడలి కంచంలో వేశారు. మామగారు చేత్తో వడ్డించడం అంటే మా వైపు చిన్న గౌరవం కాదు. తరవాత అందరికీ వేశారు. నేను ఒక రొయ్యను తీసుకుని కంచం అంచు చాటున విరిచాను. మంచి రొయ్య వేగితే కొంకీలా ముడుచుకుంటుంది, విరిస్తే ఎదురు తిరుగుతుంది. ఇది తడిసిన సుద్దముక్కలా, ఏ అభ్యంతరమూ లేకుండా రెండయింది. లోపల బూడిదరంగు. దాన్ని ముక్కు దాకా ఎత్తవలసిన అవసరం కూడా రాలేదు.

"ఎలా ఉన్నాయి చెల్లెమ్మా?" అని వియ్యంకుడు నా భార్యను అడిగారు.

"చాలా బావున్నాయండి అన్నయ్యగారూ" అంది నా భార్య.

"మెత్తగా ఉన్నాయి. పళ్ళకి పనే లేదు" అంది వియ్యపురాలు.

"నువ్వు చెప్పమ్మా."

"బావున్నాయి మావయ్యగారూ" అంది మా అమ్మాయి. ఒకటి నోట్లో పెట్టుకుని, నమలకుండా, మంచినీళ్ళతో మింగింది. అది నేను చూశాను.

వియ్యంకుడి మొహం వెలిగిపోయింది. ఆయన వరసగా నోట్లో వేసుకుంటూనే వెయిటరును పిలిచి, "ఇంకోటి పట్రా బాబూ. మావాళ్ళకి నచ్చేయి" అన్నారు.

లోడు తిరగ్గొట్టినప్పుడు రైతులు నా మీద అరిచేవారు. కొందరు చొక్కా పట్టుకున్నారు. ఒక్కసారి కూడా నేను వెనక్కి తగ్గలేదు. అటువంటివాణ్ణి ఆ బల్ల దగ్గర నోరు పెగలక కూర్చున్నాను. ఆడపిల్ల తండ్రి వియ్యాలవారి భోజనానికి వంక పెట్టడు. అది ఎక్కడా రాసి ఉండదు, కానీ మా గోదావరి జిల్లాల్లో దానికి మించిన శాసనం లేదు. పైగా ఆయన శిష్యుడు చేతులు కట్టుకుని అక్కడే ఉన్నాడు. అందుకని చుట్టుదారి పట్టాను.

"రొయ్యలు ఎక్కడివండి?" అని అతన్ని అడిగాను.

"మావాళ్ళ చెరువేనండి. పొద్దున్న పట్టినవండి."

"ఒకటి మీరు రుచి చూసి చెప్పండి."

అతను రెండు చెవులూ పట్టుకున్నాడు. "అయ్యో, కార్తీకం కదండీ! ఈ నెల్లాళ్ళూ నీసు ముట్టనండి. నేనే కాదండి, మా వంటమాస్టరూ అంతే. ఉప్పు చూడ్డానికైనా నోట్లో పెట్టడు. అంతా చేతి అందాజేనండి. మీ బోటివాళ్ళు ఆదివారం ఆదివారం వస్తున్నారు గనక గాని, లేకపోతే ఈ నెల మా ఫ్రీజరు తలుపు తీసే పనే ఉండదు."

అతని మాటలో దాపరికం లేదు. నిష్ఠ ఉంది. ఆ నిష్ఠ వినగానే నా బుర్రలో లెక్క దానంతటదే తేలిపోయింది. కార్తీకమాసమంతా ఊళ్ళో సగం మంది నీసు మానేస్తారు. దీపావళికి ముందు నింపిన ఫ్రీజరు ఖాళీ కాదు. ఆదివారం మాత్రం తీస్తారు, ఐసు కరిగేదాకా బయట పెడతారు, అమ్ముడుపోనిది మళ్ళీ లోపల పెడతారు. మళ్ళీ ఆదివారం మళ్ళీ అదే. కరిగి గడ్డకట్టిన ప్రతిసారీ కండలోని నీరు విడిపోతుంది, కుళ్ళు ఒక మెట్టు ఎక్కుతుంది. వండేవాడు రుచి చూడడు. యజమాని రుచి చూడడు. ఆ వంటగదిలో ఒక్క నాలుక కూడా ఆ రొయ్యను ఎరగదు. దాన్ని మొదట రుచి చూస్తున్నది మేము. మాలో మొదటి వడ్డన పడింది, ఐదో నెల గర్భిణి కంచంలో.

అమ్మాయి చెయ్యి మళ్ళీ రొయ్యల వైపు వెళ్ళింది.

నేను లేచి, చెయ్యి చాచి, ఆమె ముందున్న కంచాన్ని లాగేశాను.

తింటున్న మనిషి ముందు నుంచి కంచం లాగడం అంటే ఏమిటో తెలుగువాళ్ళకు చెప్పనక్కరలేదు. పగవాళ్ళు కూడా తినడం అయ్యేదాకా ఆగుతారు. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు దొర్లి, నీళ్ళు నా భార్య ఒళ్ళోకి కారాయి. ఆమె కదలలేదు.

"ఏంటండీ ఇది!" అంది, పళ్ళ మధ్య నుంచి.

వియ్యంకుడు గరిటె కింద పెట్టారు. "బావగారూ, తింటున్న పిల్ల ముందు కంచం లాగేస్తారా?"

"ఇవి పాడైపోయేయండి. అమ్మాయి తినకూడదు."

"పాడైపోవడమేంటండీ? అందరం తింటున్నాం. మీకు ఫ్యాక్టరీలో లోడు తిరగ్గొట్టీ తిరగ్గొట్టీ అలవాటైపోయింది. మా భోజనం కూడా తిరగ్గొట్టేశారు." "నువ్వు చెప్పమ్మా. బాగానే ఉన్నాయి కదా?"

అందరం ఆమె వైపు చూశాం. ఆమె వేళ్ళకు అంటిన ఎర్రరంగును కాగితంతో తుడుచుకుంటోంది. అది పోవడం లేదు.

"వాసన వస్తోంది మావయ్యగారూ" అంది చివరికి. "బకెట్ బల్ల మీద పెట్టినప్పుడే వచ్చింది."

"మరి తిన్నావేం?"

"మీరు వడ్డించేరు కదండీ."

ఏసీ నీటిబొట్టు కుర్చీ మీద పడిన చప్పుడు వినిపించింది. అప్పుడు వియ్యపురాలు మెల్లగా అంది: "నాకూ వచ్చిందండి. ఉల్లిపాయది అనుకుందామని చూసేను."

నేను నా భార్య వైపు చూశాను. ఆమె తల వంచుకునే, "మొదటి ముద్దకే" అంది.

వియ్యంకుడు ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చారు. ఆయన మొహంలో కోపం లేదు. మోసపోయిన చిన్నపిల్లవాడి మొహం. "అందరికీ వచ్చిందా? మరి బావుంది బావుంది అన్నారేంటమ్మా! మీరు బావుందంటేనే కదా నేను రెండోది చెప్పేను? ఆ కరోనా జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ నాకు వాసనే తెలీదు. ఇంట్లో పాలు మాడిపోయినా తెలీదు. మీ మొహాలు చూసుకుని తింటున్నాను నేను."

ఆయన ముందున్న కంచంలో రొయ్యలు లేవు. తోకల ముక్కలు మాత్రం ఒక పక్కకు శుభ్రంగా పేర్చి ఉన్నాయి. ఆయన వాటిని చూశారు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే రెండో బకెట్ వచ్చింది.

పొగలు కక్కుతూ, జీడిపప్పు ఇంకొంచెం ఎక్కువ వేసి. వెంటే శిష్యుడు. "వేడివేడిగా ఉన్నాయండి మాస్టారూ. ఏమండీ, ఎవరూ తినట్లేదేంటి?"

వియ్యంకుడు చెప్తారనుకున్నాను. జీవితమంతా పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దిన మనిషి. ఆయన నోరు తెరిచారు. ఆ నోట్లోంచి, "బావున్నాయి బాబూ, కడుపు నిండిపోయింది" అన్న మాట వచ్చింది.

"అయితే పార్సిలు కట్టించేస్తానండి."

"ఊఁ. కట్టు."

ఆ రోజు నాకు కలిగిన అసహ్యంలో ఎక్కువ పాలు ఈ క్షణానిదే. కుళ్ళడం పదార్థ ధర్మం. దాన్ని కొలవవచ్చు, మెట్లు కట్టవచ్చు, ఐసుతో కొంతకాలం ఆపవచ్చు. కుళ్ళిందని నోట్లో తెలిసి, గొంతులో తెలిసి, కడుపులో తెలిసి, దాన్ని నల్ల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించుకుని ఇంటికి మోసుకెళ్ళడానికి ఒప్పుకున్న ఈ మర్యాదను ఏ మెట్టు మీద పెట్టాలో నాకు తెలియలేదు. వెయిటరు మా ఎదుటే రెండు బకెట్లూ ఒక డబ్బాలోకి వంచాడు. మొదటి బకెట్లో మేము గరిటె పెట్టి తీయగా మిగిలినవి, రెండో దాంట్లో ఎవరూ ముట్టనివి, అన్నీ కలిసిపోయాయి. మూత మూసి రబ్బరుబ్యాండు వేశాడు. ఆవిరికి మూత లోపలి నుంచి చెమట పట్టింది. డబ్బాను సంచీలో దించి మూతి కట్టాడు. మేం నలుగురం పెద్దలం, వాడు వేసే ముడి వైపు శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాం.

యజమాని ఆ సంచీని మా అమ్మాయికి అందించాడు. "రాత్రికి వేడి చేసుకు తినండమ్మా. ఎలా ఉందమ్మా మా వంట?"

అమ్మాయి సంచీ అందుకోలేదు.

"రొయ్యలు పాడైపోయేయండి" అంది. గొంతు పెంచలేదు. "ఇంకెవరికీ పెట్టకండి."

పక్కబల్ల దగ్గర ఒకాయన నోటిదాకా తెచ్చిన చెంచాను ఆపి, దాని వైపు చూసి, దించేశాడు. యజమాని మొహంలో నవ్వు ఇంకా ఉంది, తీసెయ్యడం మరిచిపోయినట్టు.

"అదేంటమ్మా, ఇన్ని ఆదివారాల్లో ఒక్కరూ అనలేదు!"

"అనరండి" అంది మా అమ్మాయి. "మేమూ అనలేదు కదండీ."

మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే ఆమె మురిక్కాలవ పక్కన కూర్చుని వాంతి చేసుకుంది. నేను పరుగెత్తబోయాను గాని, అప్పటికే వియ్యపురాలు ఆమె వెనక కూర్చుని, నుదురు అరచేతితో పట్టుకుని ఉంది. "పోనీ, మొత్తం పోనీ తల్లీ" అంటోంది. ఇస్త్రీ చేసిన తెల్లచీర అంచు మురిక్కాలవ గట్టు మీద పడి ఉంది. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం నుంచి మర్నాటి దాకా నేను పడ్డ అవస్థకు నా చదువే కారణం. వాసన పుట్టించే సూక్ష్మజీవులు వేరు, జబ్బు చేసేవి వేరు. దుర్వాసన వేసే రొయ్య తిని ఏమీ కాకపోవచ్చు. ఏ వాసనా లేనిది తిని ఆసుపత్రి పాలు కావచ్చు. ఇది తెలియనివాళ్ళు వాంతితో పోయిందిలే అనుకుని నిద్రపోగలరు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, జ్వరం, నొప్పి లేకపోతే కంగారు పడవద్దని, ఉంటే వెంటనే తీసుకురమ్మని చెప్పింది. నేను కొత్తపేటకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్క పెట్టలేదు. ప్రతిసారీ వియ్యపురాలే ఎత్తి, విసుక్కోకుండా, థర్మామీటరులో చూసినది చదివి చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం వియ్యంకుడే ఫోన్ చేశారు.

"జ్వరం లేదండి బావగారూ. బ్యాంకుకి సెలవు పెట్టించేం, బానే తిరుగుతోంది. నాకూ ఏమీ కాలేదు. అందరికన్నా ఎక్కువ తిన్నది నేనే కదండీ. మా స్టూడెంటుకి ఫోన్ చేసి చెప్పేనండి, ఫ్రీజరు ఖాళీ చేసెయ్యమని. చేశాడో లేదో తెలీదు. ఆయ్ అన్నాడు, మాస్టారు చెప్పేక కాదనడు కదండీ."

ఆ 'ఆయ్' విలువ ఎంతో మా ఇద్దరికీ తెలుసు.

"ఇంకోటండి. ఇందాక భోజనాల దగ్గర మా ఆవిడ చేపల పులుసు వడ్డించబోతే, కోడలు కంచానికి చెయ్యి అడ్డం పెట్టేసింది. నిన్నటిది నాకొద్దత్తయ్యా అంది. మొహమ్మీదే అనేసిందండి! మా ఆవిడ మొహం మాడ్చుకుని కూర్చుంది."

వెనక నుంచి వియ్యపురాలి గొంతు వినబడింది: "చెప్పండి, చెప్పండి! చేపల పులుసు మర్నాడే కదా బావుండేది? ఏం, ఆయన ఫ్యాక్టరీలో ఇది నేర్పలేదా, అడగండి."

"విన్నారా బావగారూ? నిజమేనా? తినొచ్చా?"

చిక్కటి చింతపండు పులుపు. ముందురోజు బాగా మరిగి ఉంటుంది, ఆ పూట మళ్ళీ మరిగి ఉంటుంది. పులుపులో, మరుగులో బతికేవి చాలా తక్కువ. ఆ పులుసు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు బాగానే ఉంటుందని నాకు తెలుసు.

"అమ్మాయి వద్దంది కదండీ" అన్నాను. "పారబోసెయ్యండి."